యాత్రికుని హద్దు

ఉడుపి చెంత సెయింట్ మేరీస్ దీవిలోని బహుభుజ శిలాస్తంభాలు సుమారు 8.8 కోట్ల సంవత్సరాల నాటి లావా. మడగాస్కర్ మన భూభాగం నుండి విడివడిన కాలానివి. యాత్రికుడు వాటిపై నడిచి, గవ్వ ఒకటి జేబులో వేసుకుంటాడు. రాతికి నొప్పి ఉండదు కదా అని సమాధానపడతాడు.

కేరళలోని సైలెంట్ వ్యాలీ వర్షారణ్యంలో ఆ సమాధానం చెల్లదు. కుంతిపుళపై తలపెట్టిన జలవిద్యుత్ పథకాన్ని 1983లో విరమించి, 1984లో ఆ అడవిని జాతీయోద్యానంగా ప్రకటించారు. దానికై వాదించినవారిలో అనేకులు ఆ అడవిని కన్నులారా చూడనివారే! చూడకుండానే కాపాడగోరిన ఆ మనసు ముందు, చూసితీరాలనే మన పట్టుదలకు ఏపాటి హక్కు ఉంది?

నేడు ముక్కాలి నుండి అటవీశాఖ అనుమతితో సైరంధ్రి వరకు పోనిస్తారు. అక్కడి గోపురమెక్కి చూడవచ్చు. ఆవల విస్తరించిన అడవి సందర్శకులకు కాదు. నాకది న్యాయమే అనిపించింది.