ఎండకి ఆగే హక్కు

విమానం ఎండకి ఆగిపోతుందంటే మన ఊళ్ళో పెద్దవాళ్ళు నవ్వుతారు. "మే నెల మిట్టమధ్యాహ్నం ఆటోలే ఆగవు, అంత పెద్ద విమానం ఆగుతుందా?" అంటారు. ఆగుతుంది. 2017 జూన్ 20న అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్‌లో ఎండ 119 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి చేరింది. మన లెక్కలో 48 సెల్సియస్ దాటినట్టు. ఆ ఒక్కరోజే నలభైకి పైగా విమానాలు రద్దయ్యాయి. అవి బాంబార్డియర్ సంస్థ తయారుచేసిన చిన్న జెట్లు. 118 డిగ్రీలు దాటితే వాటిని నడపకూడదని నియమం. పెద్ద బోయింగులకి, ఎయిర్‌బస్సులకి ఆ హద్దు ఇంకా పైన ఉంది కాబట్టి అవి ఎగిరాయి.

కారణం చిన్నప్పుడు సైన్సు పుస్తకంలో చదువుకున్నదే. వేడెక్కిన గాలి వ్యాకోచించి పలచబడుతుంది. రెక్కలు విమానాన్ని లేపేది గాలి ఆసరాతోనే. ఇంజను తోసేదీ గాలిని మింగి వెనక్కి చిమ్మడం వల్లనే. 15 డిగ్రీల సెల్సియస్ దగ్గరున్న గాలి 45కి వేడెక్కితే దాని సాంద్రత తొమ్మిది శాతానికి పైగా తగ్గిపోతుంది. అప్పుడు అదే బరువుని లేపడానికి విమానం ఇంకా వేగం అందుకోవాలి, అందుకు రన్‌వే మీద ఇంకా దూరం పరుగెత్తాలి. అసలే ఇంజను బలం తగ్గి ఉంటుంది. ఎత్తైన ఊళ్ళలో గాలి ముందే పలచన కనక ఇబ్బంది మరీ ఎక్కువ. సముద్రమట్టానికి పదివేల అడుగుల పైన ఉన్న లేహ్‌లో 2024 జులై చివర ఎండ పెరిగి కొన్ని రోజులపాటు విమానాలు రద్దు చేశారు. బెజవాడవాళ్ళు ఆ ఎండని ఎండ అని కూడా అనరు!

రన్‌వే చాలకపోతే బరువు తగ్గించాలి. సరుకులు దించాలి, సామాను దించాలి, అప్పటికీ కుదరకపోతే మనుషుల్ని దించాలి. లేదా చల్లబడేదాకా కాచుకోవాలి. గల్ఫ్ నుంచి దూరప్రయాణాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక బయల్దేరడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. ఈ శతాబ్దం రెండో సగానికి, రోజులో బాగా వేడిగా ఉండే వేళ నిండుగా బయల్దేరే విమానాల్లో 10 నుంచి 30 శాతం దాకా బరువు తగ్గించుకోవలసి రావచ్చని కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో అంచనా వేశారు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మాత్రం 1990 నాటి సంగతి. ఆ ఏడు జూన్ 26న అదే ఫీనిక్స్‌లో 122 డిగ్రీలు వచ్చింది. అంత వేడిలో ఎంత బరువుతో ఎంత దూరం పరుగెత్తాలో చెప్పే పట్టికలు ఆ రోజు విమానసంస్థల దగ్గర లేవు. ఉన్నవి 120 దగ్గరే ఆగిపోయాయి. విమానాలు ఎగరలేవని ఎవరూ తేల్చలేదు. ఎగరగలవని ఎవరూ కొలిచి చెప్పలేదు, అంతే. అందుకని టేకాఫులు ఆపేశారు. కొత్త పట్టికలు అందాకే మళ్ళీ మొదలుపెట్టారు. తెలియనిచోట ఆగిపోవడం యంత్రం విషయంలో మనకున్న మర్యాద.

మరి మనిషికో? విమానం కింద నిలబడి సామాను ఎక్కించే కూలీకి ఏ పట్టిక ఉంది? గాలి 48 డిగ్రీలుంటే అతని కాళ్ళకింద కాంక్రీటు, తారు అంతకన్నా ఎంతో ఎక్కువగా కాలుతుంటాయి. జెట్టు ఆగిన ఎండలో అతను ఆగలేదు. 2015 మే నెలలో మన దేశంలో వడగాడ్పులకి రెండువేలమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవాళ్ళే. ముసలివాళ్ళు, ఎండలో కూలిపనికి పోయేవాళ్ళు. వాళ్ళ శరీరానికీ ఒక హద్దు ఉంది, చెమట ఆరనప్పుడు రక్తం వేడెక్కి అవయవాలు దెబ్బతింటాయని ఏ వైద్యుడైనా చెబుతాడు. హద్దు తెలియక కాదు, దాన్ని చూపించి "ఇక్కడితో ఆపండి" అనే హక్కు వాళ్ళకి లేకపోవడం వల్ల ఆ చావులు.

ఇలా పోల్చడం అన్యాయం అనేవాళ్ళుంటారు. విమానం కూలితే వందమంది ఒక్కసారే పోతారు, లోకమంతా చూస్తుంది. నిజమే. కూలీ ఒక్కడే, చెట్టుకింద, ఎవరూ చూడకుండా పోతాడు. పైగా మరణపత్రంలో గుండెపోటు అని రాస్తారు. అయితే దీన్నిబట్టి తేలేది విమానం ప్రాణం విలువైనదని కాదు, నలుగురి కంటా పడే చావుకే మనం భయపడతామని. భయం వేరు, న్యాయం వేరు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఇంకొకటుంది. ఆగమంటే కూలీయే ఒప్పుకోడు. ఆగితే ఆ పూట కూలి పోతుంది. ఎండ ఒక్కరోజు చంపుతుంది, పస్తు రోజూ చంపుతుంది. విమానం రద్దయి మనం ప్రయాణం మానుకుంటే టికెట్టు డబ్బు వెనక్కి ఇస్తారు. ఆగిన మనిషికి ఆ పూట ఎవరు వెనక్కి ఇస్తారు? కూలి ఇవ్వకుండా "ఎండలో పనిచెయ్యకు" అనడం దయ కాదు, ఇంకో శిక్ష. గుజరాత్‌లో పుట్టిన 'సేవ' అనే శ్రామిక మహిళల సంఘం ఈ చిక్కుని పట్టుకుంది. నిర్ణయించిన ఉష్ణోగ్రత దాటితే ఆ మహిళలకి సొమ్ము ముట్టేలా 2023లో ఒక బీమా మొదలుపెట్టింది. మనిషికోసం రాసిన పట్టిక అంటే అదీ. ఫీనిక్స్ నగరసభ కూడా 2024లో తన గుత్తేదారులు, విమానాశ్రయంలోవాళ్ళతో సహా, ఎండలో పనిచేసేవాళ్ళకి నీళ్ళు, నీడ, విశ్రాంతి ఇచ్చితీరాలని శాసనం చేసింది. విమానాలు ఆగిన ఊరే మనుషుల్ని ఆపడం నేర్చుకుంది. ఇదే దేశంలో, నగరాలు సొంతంగా అటువంటి నియమాలు పెట్టుకోకుండా 2023లో టెక్సాస్, 2024లో ఫ్లోరిడా చట్టాలు చేశాయి.

ఇదంతా కమ్మింగ్‌లో కూర్చున్న మనకెందుకు? మే చివర బడులు మూయగానే ఫోర్సిత్ కౌంటీ తెలుగిళ్ళలో సగం సూట్‌కేసులు సర్దుకుంటాయి. వచ్చేటప్పుడు ఆవకాయ సీసా, కందిపొడి, కారప్పూస పెట్టి, ఇరవైమూడు కిలోలు దాటకుండా ఇంట్లోనే తూకం వేస్తాం. బరువు విషయంలో ఇంత నిక్కచ్చి మనుషులం మనం! ప్రపంచం వదిలే బొగ్గుపులుసు వాయువులో విమానాలది దాదాపు రెండున్నర శాతం. తక్కువే. కాని విమానం ఎక్కగలిగినవాళ్ళూ ప్రపంచంలో తక్కువే. ఆ వేడిలో కొంత వాటా మనది. దాన్ని మోసేది కృష్ణ ఒడ్డున మిరపకోతకి పోయే మనిషి. అలాగని అమ్మని చూడ్డానికి వెళ్ళవద్దని ఎవరనగలరు? నేననను. పుణ్యం, పాపం చెరో పళ్ళెంలో పెట్టి తేల్చే విషయం కాదిది.

విమానం ద్వారం దగ్గర ఒక పద్ధతి ఉంది. మనుషుల్ని దించవలసి వస్తే సాధారణంగా ముందు "ఎవరు ఆగగలరు?" అని అడుగుతారు. ఆగినవాళ్ళకి ప్రతిఫలం ఇస్తారు. ఆగగలిగినవాడు ఆగాలి, ఆగినందుకు నష్టపోకూడదు. ఇంత చిన్న న్యాయం చాలు. జులై మధ్యాహ్నం మన సబ్‌డివిజన్‌లో పైకప్పు రేకలు వేసేవాళ్ళూ, గడ్డి కోసేవాళ్ళూ ఎన్నింటికి రావాలో ఫోనులో చెప్పేది మనమే. లోపల ఏసీలో ఉన్నది మనం కనుక ఆగగలిగిందీ మనమే. పని రెండురోజులు ఆలస్యమైనా, నాలుగు డాలర్లు ఎక్కువైనా మనకి ప్రాణం మీదికి రాదు. ఊళ్ళో ఇల్లు కట్టిస్తున్నవాళ్ళు మేస్త్రీకి ఫోను చేసి "పన్నెండు నుంచి నాలుగుదాకా పని వద్దు, కూలి మాత్రం తగ్గించొద్దు" అనగలరు. ఆ పట్టిక మన చేత్తోనే రాయవచ్చు. దానికి ప్రభుత్వం అనుమతి అక్కర్లేదు.