పిడికెడు బియ్యం

మా అమ్మకు అక్షరం ముక్క రాదు. కూలికి పోయొచ్చి పొయ్యిమీద ఎసరు పెట్టాక, చాటలో బియ్యంలోంచి పిడికెడు తీసి మూలనున్న ముంతలో పోసేది. అది దేవుడి బియ్యం. ఆదివారం గుడికి పట్టుకుపోయేది. ఇంట్లో నూకలుంటే నూకలే పోసేది. ముంతలో పడ్డాక మాకెంత ఆకలైనా ముట్టుకోనిచ్చేది కాదు.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదలు. డియ్యెస్సీ రాసి సర్కారు బడి పంతులునయ్యాను. నేనూ దేవుడికిచ్చాను, వేలల్లో. మా మాదిగపల్లెలో పాత గుడి పడగొట్టి కొత్తది కడుతుంటే ముప్పై వేలిచ్చాను. నల్లరాతి పలకమీద దాతల పేర్లు చెక్కించారు. పేరు పక్కన బి.ఏ., బి.ఇడి. కూడా వేయించమని నేనే అడిగాను. ఊళ్లోవాళ్లు చూడాలని.

ప్రతిష్ఠ రోజు అమ్మ ఆ పలకను వేళ్లతో తడిమింది.

"ఏం రాశార్రా అయ్యా?"

"నా పేరమ్మా."

"మరి బియ్యం పోసినోళ్ల పేర్లో?"

నాకు నోట మాట రాలేదు.

ఆ నెలంతా మా ఏడో తరగతి పిల్ల ఒకతి బడికి రావడం లేదు. మా వీధి చివరి ఇల్లే. తల్లి మిరపకాయ కోతలకు పోతుంటే చంటోణ్ణి ఆడించడానికి చేనుగట్టుకు పోతోంది. నేను హాజరుపట్టీలో ఆబ్సెంటు వేసుకుంటూ పోయాను. ఆ గుమ్మం ముందు బండి ఆపే తీరిక లేదు. సాయంత్రమైతే కమిటీ మీటింగులు, పలకమీద ఎవరి పేరు ముందుండాలన్న తగువులు.

ప్రసంగి గ్రంథం మీద ఎన్ని ప్రసంగాలు వినలేదు! తాగుడు వ్యర్థం, సినిమాలు వ్యర్థం అంటారు. దేవుడి పేరుమీద, గుడి అరుగుమీదే వ్యర్థమైన ప్రయాస జరగొచ్చని మాత్రం ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

మన పెద్దలు దేనికి క్రీస్తును నమ్ముకున్నారు? 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టుకు తీసుకుని మనవాళ్లకు కూలి చూపించాడు. గంజి కోసం కలిశారన్న మాట రాకూడదని, కరువు పని సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ పని అయిపోయాకే జనం కదిలొచ్చారు. 1878 జూలై 3న, ఒక్కరోజే, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది మునిగి లేచారు. ఎక్కువమంది మాదిగలు. పేరు కోసం దిగలేదు వాళ్లు. ఊరు అంటరాదన్న ఒంటిని మనిషి ఒంటిగా నిలబెట్టుకోవడానికి దిగారు. గుడి వెంట మన పల్లెల్లోకి బడి వచ్చింది. గుడీ బడీ ఒకే పాకలో నడిచాయి. నేను వాటిని మళ్లీ విడగొట్టాను.

సోమవారం పొద్దున్నే ఆ ఇంటికి పోయాను. "చంటోణ్ణి ఎవరు చూస్తారు సారూ, నువ్వు చూస్తావా?" అంది తల్లి. నా దగ్గర జవాబు లేదు. అమ్మ దగ్గర ఉంది. "నా కాడ వదిలి పొమ్మనరా. ఇప్పుడు నేను కూలికి పోతున్నానా ఏంది?" అంది.

పలకమీద నా పేరు అట్లాగే ఉంది. చెరిపించమంటే అదో గొప్పయి కూచుంటుంది. ఆ పిల్ల బడికొస్తోంది. ఇంకా ఇద్దరు రావాలి.