పొక్రిష్కిన్ మీద కేసు

“1942 వేసవిలో ఆ ఫైలు నీ చేతికొచ్చుంటే ఏ పక్షాన వాదించేదానివి?” అని అడిగాడు మామయ్య.

ఫైలు అలెగ్జాండర్ ఇవనోవిచ్ పొక్రిష్కిన్‌ది. సోవియట్ 16వ గార్డ్స్ ఫైటర్ రెజిమెంటులో స్క్వాడ్రన్ కమాండర్. అప్పటికి ఏడాదిగా యుద్ధంలో ఉన్నాడు, ఆర్డర్ ఆఫ్ లెనిన్ అందుకున్నాడు. రెజిమెంట్ కమాండర్ ఇసాయెవ్ అతన్ని పదవిలోంచి తీసేశాడు. పార్టీలోంచి బహిష్కరించారు. హీరో బిరుదు కోసం వెళ్లిన సిఫారసు వెనక్కొచ్చింది. కేసు బాకూలోని సైనిక ట్రిబ్యునల్‌కు చేరింది. అదే జులై 28న స్టాలిన్ 227వ నంబరు ఉత్తర్వు వెలువడింది, అనుమతి లేకుండా ఒక్క అడుగు వెనక్కి వేసినా క్షమించేది లేదని. ఆ రోజుల్లో ట్రిబ్యునల్ మెట్లెక్కినవాడు పీనల్ బెటాలియన్‌కు పోవచ్చు, తుపాకీ ముందు నిలబడనూ వచ్చు.

మామయ్య మన వైమానిక దళంలో మిగ్-21 టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. పొక్రిష్కిన్ ఆయన మనిషి. మూడుసార్లు సోవియట్ యూనియన్ హీరో అయినందుకు కాదు, కాక్‌పిట్‌లో కూర్చోకముందు ఏళ్ల తరబడి నేల మీద నిలబడి స్పానర్ పట్టినందుకు. నేను చేసేవి శాఖాపరమైన కేసులు. క్రమశిక్షణారాహిత్యం అన్న మాట వారానికి నాలుగు ఛార్జిషీట్లలో చదువుతాను కాబట్టి, ధిక్కరించినవాళ్లందరూ వీరులని నాకు ఎప్పుడూ అనిపించదు.

“ముందు ఛార్జి ఏమిటో చెప్పు,” అన్నాను. “యుద్ధం చేసే పద్ధతి మీద కమాండర్‌తో విభేదించాడనా?”

“కాగితం మీద అది కాదు. మెస్సులో వేరే రెజిమెంటు అధికారులతో గొడవపడ్డాడు. పైవాడికి ఎదురు మాట్లాడాడు.”

“అంటే లోపల తగువు ఒకటి, ఛార్జి ఇంకొకటి. అలాంటప్పుడు ఛార్జి అబద్ధమని వాదించడం కుదరదు, ఎందుకంటే గొడవ జరిగింది. ఛార్జి వెనక ఉన్నదాన్ని బయటికి లాగాలి. లాగు.”

లాగాడు. యుద్ధం మొదలయ్యేనాటికి సోవియట్ ఫైటర్లు మూడేసి కలిసి ఎగిరేవి. మలుపు తిరిగితే ముగ్గురిలో ఒకడు రెండోవాడి దారికి అడ్డం వస్తాడు. శత్రువు కోసం చూడాల్సిన కళ్లు పక్క విమానాన్ని గుద్దుకోకుండా చూసుకోవడానికే సరిపోతాయి. జర్మన్లు ఇద్దరిద్దరుగా వచ్చేవారు, ఒకడు కొడతాడు, రెండోవాడు వాడి వీపు కాస్తాడు. ఇంకో ఆచారం మరీ ప్రాణాంతకం. పై నుంచి ఫైటర్లు కాపలా ఉన్నాయని కింద పదాతి దళానికి కనిపించాలి. అందుకని ఆ దళం తల మీదే, తక్కువ ఎత్తులో, తాపీగా చక్కర్లు కొట్టమనేవారు. నెమ్మదిగా తిరిగే ఫైటర్ మీదికి ఎత్తు నుంచి మెసర్‌ష్మిట్ దిగితే ఏమవుతుందో చెప్పడానికి పైలట్ కానక్కర్లేదు.

“ఇదంతా అతను ఒక్కడే కనిపెట్టాడా? జంటలుగా ఎగరడం చాలామంది మొదలుపెట్టారు కదా.”

“పెట్టారు. కానీ అతను టెక్నీషియన్ అమ్మాయ్. ఆ మాట నువ్వు దాటేస్తున్నావు.” ఇక్కడ మామయ్య గొంతు కొంచెం పెరిగింది. 1913లో సైబీరియాలో, ఇప్పటి నోవోసిబిర్స్క్‌లో పేదింట పుట్టినవాడు. పైలట్ అవుదామని చేరితే పెర్మ్‌లో విమాన టెక్నీషియన్ చదువులో పడేశారు. క్రాస్నోదార్‌లో ఉద్యోగం. పైలట్ శిక్షణకు పంపమని అర్జీ మీద అర్జీ పెడితే ప్రతిసారీ తోసిపుచ్చారు, మంచి టెక్నీషియన్‌ను ఎవరు వదులుకుంటారు? చివరికి 1938లో సెలవు పెట్టి ఊళ్లోని ఫ్లయింగ్ క్లబ్బులో ఎగరడం నేర్చుకున్నాడు. ఆ కాగితం చూపించాక గానీ కాచా వైమానిక పాఠశాల తలుపు తెరుచుకోలేదు. 1939లో ఫైటర్ పైలట్‌గా బయటికొచ్చాడు. “మా లోకంలో మాన్యువల్ దాటితే మనిషి చస్తాడు. ఫారం 700 మీద సంతకం పెట్టి విమానాన్ని అప్పగిస్తాం. ఆ సంతకంతో బతికినవాడు మాన్యువల్ తప్పని ఊరికే అనడు. ప్రతి పోరాటాన్నీ బొమ్మ గీశాడు. ఎవరు ఏ ఎత్తు నుంచి వచ్చారు, ఏ కోణంలో తిరిగారు, తూటా ఎక్కడ తగిలింది. నోట్‌బుక్కులు నింపాడు.”

ఈ నోట్‌బుక్కుల దగ్గర నేను ఆగాను. కేసుకు పనికొచ్చే సాక్ష్యం ఇదొక్కటే అనిపించింది.

ట్రిబ్యునల్ సంగతి త్వరగానే తేలిపోయింది. రెజిమెంట్ కమిసార్ పోగ్రెబ్నోయ్ అండగా నిలిచాడు, కేసు కొట్టేశారు, పాత పదవి తిరిగొచ్చింది. ఆ తర్వాత వచ్చిందే కుబాన్. 1943 ఏప్రిల్ నుంచి జూన్ దాకా, తమాన్ ద్వీపకల్పం వైపు జర్మన్లు కట్టుకున్న నీలి రేఖ మీద, క్రిమ్‌స్కాయా పల్లె పైన, ఆకాశంలో జరిగిన యుద్ధం. ఇరాన్ మీదుగా వచ్చిన అమెరికన్ ఎయిర్‌కోబ్రాలు రెజిమెంటుకు అందాయి. ముక్కులో 37 మిల్లీమీటర్ల ఫిరంగి, దాంతో పాటు మెషీన్‌గన్లు. ఫిరంగికి ఒక బటన్, మెషీన్‌గన్లకు ఇంకొకటి. పొక్రిష్కిన్ రెండింటినీ ఒకే ట్రిగ్గర్‌కు కలిపించాడు. దగ్గరికెళ్లి ఒక్కసారి నొక్కితే అన్నీ కలిసి పేలతాయి.

“ఇది చెప్పేటప్పుడు నీ మొహం చూడాలి మామయ్యా.”

“చూడు మరి. ఆ తీగ కలిపింది మెకానిక్కులు.”

పద్ధతి కూడా మారింది. జంటల్ని ఒకదానిపైన ఒకటి, అరల బీరువాలాగా, ఎత్తులు పంచి నిలబెట్టాడు. కింది అర బాంబర్లను చూసుకుంటుంది, పై అర కింది అరను చూసుకుంటుంది. కాపలా కాయాల్సిన చోటే తిరుగుతూ కూర్చోకుండా, దూరంగా ఎత్తుకు ఎక్కి, అక్కడి నుంచి జారుతూ వేగం కూడగట్టుకుని ఆ చోటు మీదుగా దూసుకుపోవడం, మళ్లీ ఎక్కడం. ఎత్తు, వేగం, విన్యాసం, కాల్పు. ఈ నాలుగు మాటలూ ఆ వరసలోనే అతని పేరుతో వ్యాపించాయి. ఆ వరసే ముఖ్యం. ఎత్తు లేనివాడికి వేగం రాదు, వేగం లేనివాడి విన్యాసం ప్రాణం దక్కించుకోవడానికే సరిపోతుంది. మే 24న మొదటి హీరో నక్షత్రం, ఆగస్టు 24న రెండోది.

“ఇక చెప్పు,” అన్నాడు మామయ్య. “అతను ఒప్పా, తప్పా?”

“నువ్వు జవాబు ముందే పట్టుకుని కూర్చున్నావు. 1942లో ట్రిబ్యునల్ న్యాయమూర్తి ముందు కుబాన్ లేదు. ఆ రోజు అతని దగ్గరున్నవి నోట్‌బుక్కులు, ఒక గొడవ. గెలిచాడు కాబట్టి ధిక్కారం ఒప్పైందంటే, అదే పని చేసి కుబాన్ చేరకముందే చచ్చిపోయినవాడి ధిక్కారం తప్పైపోతుందా? అలాంటివాళ్లు ఎందరో. వాళ్లు ఆత్మకథలు రాయలేదు. మనం ఇప్పటిదాకా విన్న ఇసాయెవ్ కూడా పొక్రిష్కిన్ జ్ఞాపకాల్లోని ఇసాయెవే. అవతలి పక్షం వాదన మనకు వినపడలేదు. ఇంకొకటి, కుబాన్‌లో ఆ రెజిమెంట్ కమాండర్ ఎవరు?”

మామయ్య కాసేపు మాట్లాడలేదు. “ఇసాయెవే,” అన్నాడు.

“మరి? నీ కొత్త పద్ధతి ఎగిరింది ఆ పాత కమాండర్ కిందే. అతనే గొంతు నొక్కేవాడైతే బీరువా అరలు ఎలా లేచాయి?”

“పై నుంచి గాలి మారింది. వైమానిక దళాధిపతి నోవికోవ్ హయాంలో జంటలు అధికారికమయ్యాయి. ఇసాయెవ్ కొత్త ఉత్తర్వును కూడా పాత ఉత్తర్వులాగే పాటించాడు.”

ఈ జవాబు మామయ్య అనుకున్నదానికంటే పెద్దది. ఇసాయెవ్‌ను దుర్మార్గుడని అనాల్సిన పని లేదు. రాసి ఉన్నదాన్ని పాటించేవాడు, రాసి ఉన్నది మారాక మారినదాన్ని పాటిస్తాడు. అలాంటివాళ్లు లేకపోతే ఏ సైన్యమూ ఉదయం లేవదు. చిక్కల్లా, రాసి ఉన్నది తప్పైన రోజుకీ అది మారే రోజుకీ మధ్య ఎవడో ఒకడు చెప్పి తీరాలి. ఆ చెప్పేవాడికి ఏ అర్హత కావాలి? సాహసం చాలదు, సాహసం మూర్ఖుడికీ ఉంటుంది. నిజాయతీ చాలదు. తను దాటిన గీతను ఇంకొకడు పరీక్షించి చూడగలిగేలా కాగితం మీద పెట్టినవాడికి ఆ అర్హత ఉందని నాకు అనిపిస్తుంది. నా చేతి చలవ, నా కంటి చురుకు అని చెప్పుకునే ధిక్కారం ఒక్కడి సొత్తు. బొమ్మ గీసిన ధిక్కారం తప్పైతే తప్పని కూడా చూపించవచ్చు. గెలిచినా ఓడినా ఆ నోట్‌బుక్కులే నా వాదన అయ్యేవి, కుబాన్‌తో పని లేకుండా. ఈ మాట మామయ్యతో అంటే, “నేను మొదటి నుంచీ అదే కదా చెబుతున్నా,” అన్నాడు. చెప్పలేదు. కానీ పోనిచ్చాను.

“అయితే నీ మనిషి మొదటి రోజు సంగతి?” అని అడిగాను. 1941 జూన్ 22, యుద్ధం మొదలైన రోజు, మాల్దావియా మీద. మిగ్-3లో ఉన్న పొక్రిష్కిన్‌కు తెలియని ఆకారంలో బాంబర్లు కనిపించాయి, ఒకదాన్ని కాల్చాడు. రెక్కల మీద ఎర్ర నక్షత్రాలు అప్పుడు కనిపించాయి. అది సొంత సు-2. రహస్యమని ఆ కొత్త రకాన్ని ఫైటర్ రెజిమెంట్లకు చూపించలేదు. పైలట్ బతికాడు, వెనక కూర్చున్న నావిగేటర్ చనిపోయాడు. అది తెలిసిన మరుక్షణం పొక్రిష్కిన్ తన సహచరుల విమానాలకూ మిగిలిన సు-2లకూ మధ్య అడ్డం తిరిగి కాల్పులు ఆపించాడు.

“ఆ రోజు ట్రిబ్యునల్ లేదు,” అన్నాను. “మనిషి ప్రాణం పోయినప్పుడు లేదు, మెస్సులో మాటా మాటా పెరిగితే ఉంది.”

“రహస్యం పేరుతో ఆ విమానాన్ని దాచినవాడి మీద కేసు పెట్టాలి.”

“పెట్టాలి. ఎవరూ పెట్టరు. వ్యవస్థ తప్పుకు ఛార్జిషీటు ఉండదు, మనిషి ఎదురు మాటకే ఉంటుంది. ఇందులో మనకు ఒప్పందమే, వాదన లేదు. తర్వాతకి పద.”

తర్వాతది రెచ్‌కాలోవ్. మామయ్యకు నచ్చని అధ్యాయం.

గ్రిగోరీ రెచ్‌కాలోవ్‌ది కూడా అదే రెజిమెంటు. రంగులు సరిగా గుర్తుపట్టలేడని వైద్యులు ఎగరడానికి పనికిరాడన్నారు. యుద్ధం మొదలైంది కాబట్టి ఆ కాగితాన్ని పక్కన పెట్టి ఎగరనిచ్చారు. కూల్చిన విమానాల లెక్కలో పొక్రిష్కిన్‌తో భుజం భుజం కలిపి నడిచాడు. పొక్రిష్కిన్ అధికారిక లెక్క 59, రెచ్‌కాలోవ్‌దీ అటూ ఇటుగా అంతే. ఇద్దరికీ మొదటి హీరో నక్షత్రం ఒకే రోజు. 1944 వసంతంలో పొక్రిష్కిన్ 9వ గార్డ్స్ ఫైటర్ డివిజన్ పగ్గాలు అందుకున్నప్పుడు పాత రెజిమెంటు రెచ్‌కాలోవ్‌కు వచ్చింది. రుమేనియాలోని యాష్ దగ్గర పోరు భీకరంగా సాగిన ఆ వేసవి మొదట్లో రెజిమెంట్ పైలట్లను పోగొట్టుకుంది. పొక్రిష్కిన్ అతన్ని తప్పించి బోరిస్ గ్లింకాను పెట్టాడు. వేటకు ఎగబడే లీడర్ వెనక పిల్లలు ఒంటరైపోతున్నారన్నది డివిజన్ కమాండర్ అభియోగం. జులై 1న అదే రెచ్‌కాలోవ్‌కు రెండో నక్షత్రం ప్రకటించారు.

“ఇసాయెవ్ కుర్చీలో ఇప్పుడు నీ మనిషి కూర్చున్నాడు,” అన్నాను. “నిబంధన దాటి పెరిగినవాడు, ఇంకో నిబంధన దాటేవాణ్ణి దించాడు.”

“పోల్చకు. ఇసాయెవ్ పరువు కోసం చేశాడు. ఇతను కుర్రాళ్ల ప్రాణాల కోసం.”

“ఇసాయెవ్‌ను అడిగినా క్రమశిక్షణ కోసమే అంటాడు, క్రమశిక్షణ కూడా ప్రాణాల కోసమే అంటాడు. తేడా ఉద్దేశంలో వెతకొద్దు మామయ్యా, అక్కడ ఎవరికి వాళ్లు పుణ్యాత్ములే. రెచ్‌కాలోవ్ దగ్గర నోట్‌బుక్కు ఉందా అని అడుగు. అతని కౌశలం అతని కళ్లలో, వేళ్లలో ఉంది. వెనక ఎగిరే నంబర్ టూకు అది అందదు. పొక్రిష్కిన్ లెక్క మార్చాడు. ఎన్ని కూల్చావు అన్నది పక్కన పెట్టి ఎందర్ని తిరిగి తెచ్చావు అన్నాడు. విమానానికి ఇంత అని రూబుళ్లు ఇచ్చే సైన్యంలో ఆ మాట అనడం చిన్న విషయం కాదు. దాన్ని నేను సమర్థిస్తాను.”

మామయ్యకు ఇంత సమర్థన ఒకేసారి దొరికేసరికి ధైర్యం వచ్చింది. 1944 మొదట్లో మాస్కోలో ఫైటర్ శిక్షణ అంతటికీ పెద్దగా కూర్చోమంటే కాదని ఫ్రంటుకు తిరిగొచ్చిన సంగతి చెప్పాడు. 1945 ఫిబ్రవరిలో జర్మనీలో ఎయిర్‌ఫీల్డులన్నీ బురదైపోతే రహదారి మీద డివిజన్‌ను దించిన సంగతీ చెప్పాడు. దారి వెడల్పు కంటే ఎయిర్‌కోబ్రా రెక్కల పొడవే ఎక్కువ. మొదట కమాండరే దిగి చూపించాడు.

“దీనికి బొమ్మలున్నాయి, కొలతలున్నాయి. సరే,” అన్నాను. “మరి లా-7కి?”

ఆయనకు తెలుసు నేను అక్కడికి వస్తానని. అలెగ్జాండర్ క్లుబోవ్ పొక్రిష్కిన్‌కు అత్యంత ఇష్టమైన శిష్యుడు. డివిజన్‌కు కొత్త సోవియట్ ఫైటర్ లా-7 ఇవ్వబోతుంటే పరీక్షగా నడిపి చూసినవాళ్లలో అతనొకడు. 1944 నవంబర్ 1న పోలెండ్‌లో ల్యాండింగ్‌లో విమానం తిరగబడి చనిపోయాడు. ఆ తర్వాత పొక్రిష్కిన్ లా-7 వద్దన్నాడు. డివిజన్ యుద్ధం చివరిదాకా ఎయిర్‌కోబ్రాల మీదే నడిచింది.

“అదే లా-7 మీద కోజెదూబ్ ఎగిరాడు. సోవియట్ పైలట్లలో అతనిదే పెద్ద లెక్క, 62. మెషీన్ పనికిరానిదని ఎలా అంటావు? ఒక మరణం చూసి ఒక డివిజన్ మొత్తానికి విమానం వద్దనడం, ఇది ఏ నోట్‌బుక్కులో ఉంది?”

“హైడ్రాలిక్స్ పోయింది అమ్మాయ్. ల్యాండింగ్‌లో హైడ్రాలిక్స్ పోయే మెషీన్‌ను నేనైతే సంతకం పెట్టి ఇవ్వను.”

“ఒక్క విమానంలో పోయింది. నువ్వు టెక్నీషియన్‌గా చెప్పు, ఒక్క ఫెయిల్యూర్‌తో మొత్తం ఫ్లీట్‌ను ఆపేస్తావా, లేక ఎంక్వయిరీ వేస్తావా?”

“ఎంక్వయిరీ వేస్తాం. తేలేదాకా గ్రౌండ్ చేస్తాం.”

“ఇతను తేలేదాకా ఆపాడా, తేల్చేశాడా?”

“తేల్చేశాడు,” అన్నాడు మామయ్య. ఒక నిమిషం ఆగి, “కానీ ఇసాయెవ్‌లాగా కాదు,” అన్నాడు.

“ఎలా కాదో చెప్పు. పోయినవాడు తన శిష్యుడనా?”

“నేను చెప్పలేను. నువ్వు ఆ పక్షాన వాదించు, వింటాను.”

“నేను వాదించను. ఈ ఒక్క దాంట్లో నేను ఇసాయెవ్ తరఫున వకాల్తా వేస్తా.”

“వెయ్యి,” అన్నాడు మామయ్య, “కానీ ముందు క్లుబోవ్ లాగ్‌బుక్కు తెప్పించు.”