పచ్చనివన్నీ పైరులు కావు

సుఖం కోసం వెతకడం తప్పా? కష్టాల్లో ఉన్నవాడు "అక్కడికి వెళితే బాగుపడతావు" అన్న మాట నమ్మి బయలుదేరాడు. తీరా వెళ్ళాక అది మోసమని తేలింది. అప్పుడు తప్పు ఎవరిది? నమ్మినవాడిదా, నమ్మించినవాడిదా, ఇదంతా చూస్తూ ఊరుకున్న ఇరుగుపొరుగుదా?

అనంతపురం కరువు సీమలో ఇది ప్రతి ఇంటి గడప దగ్గర నిలబడి ఉన్న ప్రశ్న. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల ఇది. ఆ వానైనా అదనుకు పడుతుందన్న నమ్మకం లేదు. చేనిక్కాయ పంట ఎండిపోయిన ఏడాది కొందరు బెంగుళూరు కట్టడాల పనికి పోతారు, కొందరు అప్పు చేసి కువైట్‌కో సౌదీకో విమానం ఎక్కుతారు. వారిని పిలిచే మాట మాత్రం ఒక్కటే: "అక్కడ స్వర్గం ఉంది."

ఒక పాత కథ

అమెరికా టెలివిజన్‌లో 'స్టార్ ట్రెక్' అనే ధారావాహిక వచ్చేది. నక్షత్రాల మధ్య తిరిగే 'ఎంటర్‌ప్రైజ్' అనే నౌక, అందులోని సిబ్బంది గురించిన కల్పిత కథలవి. 1969 ఫిబ్రవరి 21న ప్రసారమైన భాగం పేరు 'ద వే టు ఈడెన్', అంటే స్వర్గవనానికి దారి. మనం 'జన్నతె అద్న్' అంటామే, ఈడెన్ ఆ మాటకు బంధువే.

కథ ఇది. యంత్రాలతో నిండిన నాగరికత మీద విసుగు పుట్టిన కొందరు యువతీ యువకులు సెవ్రిన్ అనే పెద్దమనిషిని గురువుగా చేసుకుంటారు. ఈడెన్ అనే గ్రహం ఎక్కడో ఉందని, అక్కడ చింతలు ఉండవని అతను వారిని నమ్మిస్తాడు. చివరికి వాళ్ళు నౌకనే చేజిక్కించుకుని ఆ గ్రహానికి చేరుకుంటారు. చూస్తే నిజంగానే పచ్చని చెట్లు, పూలు, పండ్లు. కానీ పువ్వును తాకితే చేయి కాలుతుంది. గడ్డి మీద నడిస్తే పాదాలు బొబ్బలెక్కుతాయి. అక్కడి మొక్కల నిండా ఆమ్లమే. ఒక యువకుడు పండు కొరికి అక్కడే ప్రాణం విడుస్తాడు. అతని పేరు ఆడమ్. ఇంత చూసి కూడా సెవ్రిన్ పరుగున వెళ్ళి అదే పండు కొరుకుతాడు. అతనూ చనిపోతాడు.

కథలో ఆలోచించవలసిన చోటు మరొకటి ఉంది. సెవ్రిన్ ఒంట్లో ఒక ప్రాణాంతకమైన సూక్ష్మక్రిమి ఉంటుంది. అతనికి జబ్బు లక్షణాలేవీ కనిపించవు, మోసుకు తిరుగుతాడంతే. ఏ రక్షణా లేని అమాయకుల మధ్యకు వెళితే అతని వల్ల వాళ్ళు చనిపోతారు. వైద్యుడు పరీక్ష చేసి చెప్పినా అతను ఒప్పుకోడు. నిజానికి ఆ సంగతి అతనికి ముందే తెలుసు. తెలిసి కూడా బయలుదేరాడు.

మన చేలగట్ల మీది పచ్చదనం

ఇదంతా కట్టుకథే కదా అనిపించవచ్చు. కానీ అనంతపురం రైతు దీన్ని కళ్ళారా చూశాడు. వయ్యారిభామ మొక్కను, అదే కాంగ్రెస్ గడ్డిని, ఎరుగనివారు మనలో లేరు. 1950లలో పూణె ప్రాంతంలో మొదట గుర్తించిన ఈ మొక్క విదేశీ ధాన్యంతో పాటు మన దేశానికి వచ్చిందని భావిస్తారు. వాన లేకపోయినా పచ్చగా ఉంటుంది, తెల్లని పూలు పూస్తుంది. కానీ తాకితే దురద, పీలిస్తే ఉబ్బసం. పశువు తింటే పాలు చేదు.

2000 సంవత్సరం ఖరీఫ్‌లో అనంతపురం జిల్లా చేనిక్కాయ చేలల్లో మొక్కలు ఉన్నట్టుండి మాడిపోయాయి. అది కాండం కుళ్ళు వైరస్ తెగులు. సుమారు 2,25,000 హెక్టార్లలో పంట దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని శాస్త్రజ్ఞులు అంచనా వేశారు. ఆ వైరస్ ఎక్కడ దాగి ఉంది? గట్టు మీద నవనవలాడుతున్న వయ్యారిభామలో! ఆ మొక్కకు తెగులు లక్షణాలేవీ కనిపించవు. దాని పుప్పొడిని తామర పురుగులు చేనిక్కాయ ఆకుల మీదికి చేర్చాయి. అవి ఆకును గీరిన గాయం గుండా వైరస్ లోపలికి పోయింది. పచ్చగా ఉన్నది బతికింది, దాని పక్కనున్నది చచ్చింది.

సెవ్రిన్ లాంటి మనుషులూ మన మధ్య ఉన్నారు. తెల్లబట్టలు, తియ్యని మాటలు, చేతిలో పాస్‌పోర్టుల కట్ట. ఆజాద్ వీసా అంటాడు, వంటపని అంటాడు, నెలకు ఇంత అంటాడు. అక్కడ దిగాక పాస్‌పోర్టు యజమాని చేతికి పోతుంది, చెప్పిన పని వేరు, పెట్టిన పని వేరు. ఏజెంటు మాత్రం మరుసటి నెల ఇంకో వీధిలో నవ్వుతూ కనిపిస్తాడు. అతనికి ఏ జబ్బూ లేదు. జబ్బంతా అతన్ని నమ్మిన ఇళ్ళలోనే.

వెతకడం తప్పు కాదు

అలాగని వెళ్ళినవారిని ఆశపోతులని నిందించడం న్యాయం కాదు. ఆ కథలోనే స్పాక్ అనే అధికారి వారి పట్ల సానుభూతి చూపుతాడు. గురువుకు మతి చలించింది కానీ, వీళ్ళు వెతుకుతున్న దానిలో పిచ్చి ఏమీ లేదంటాడు. మనిషి మనసే అలా చేయబడింది. ఆదం (అలైహిస్సలాం) సంతానమైన మనం జన్నత్‌ను కోరుకోకుండా ఎలా ఉండగలం? బతకలేని చోటు నుండి మరో చోటికి వెళ్ళడాన్ని ఇస్లాం నిషేధించలేదు. అల్లాహ్ భూమి విశాలమైనదని దివ్య ఖుర్ఆన్ గుర్తు చేస్తుంది.

మరి తప్పు ఎక్కడ మొదలవుతుంది? మానవజాతికి ఎదురైన మొదటి మోసాన్నే చూడండి. శాశ్వత జీవితాన్నిచ్చే చెట్టును, తరగని రాజ్యాన్ని చూపిస్తానని షైతాన్ ఆశ పెట్టాడు. అంతటితో ఆగలేదు, తాను శ్రేయోభిలాషినని ప్రమాణం కూడా చేశాడు. మోసం ఎప్పుడూ మేలు కోరే ముఖంతోనే వస్తుంది. దజ్జాల్ విషయంలోనూ ఇదే హెచ్చరిక ఉంది. అతను వనమని చూపేది నిజానికి అగ్ని అని, అగ్ని అని చూపేది వనమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలియజేశారు. అంటే కంటికి కనిపించినది సాక్ష్యం కాదు. విచారించి తెలుసుకోవాలి.

విచారణ అంటే విశ్వాసం తక్కువ కావడం కాదు. ఒంటెను కట్టి, ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్నదే మనకు అందిన బోధ. ఏజెంటుకు ప్రభుత్వ అనుమతి ఉందా? ఒప్పందం కాగితం మీద ఉందా? అతను పంపిన వారిలో తిరిగి వచ్చినవారు ఏమంటున్నారు? ఈ ప్రశ్నలు అడిగితే కోపం తెచ్చుకునేవాడు ఎవరైనా సరే, సెవ్రినే.

ఆకలికి ప్రశ్నించే ఓపిక ఉంటుందా?

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ ఉంది. ఇంట్లో బియ్యం నిండుకుని, వడ్డీవాడు గుమ్మంలో కూర్చున్నప్పుడు ఎవరు కాగితాలు చదువుతారు? నిజమే. ఎండమావి వెనుక పరుగెత్తేవాడు మూర్ఖుడు కాదు, దాహం వేసినవాడు. అతనికి ఉపదేశం చేసేముందు గ్లాసెడు నీళ్ళు ఇవ్వాలి. అలా ఇవ్వగలిగినవారి మీద కూడా ఈ పాపంలో ఒక భాగం ఉంది. వీధిలో ఒక ఇల్లు అప్పుల్లో మునుగుతుంటే మన జకాత్ ఎక్కడికి పోయింది? ఆ ఏజెంటు సంగతి తెలిసి కూడా "మనకెందుకులే" అని ఊరుకున్నది ఎవరు? పైన పొడిగా కనిపించే ధాన్యపు రాశిలో దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) చేయి పెట్టి చూసి, లోపలి తడిని అందరికీ కనిపించేలా పైన ఉంచాలని అమ్మేవాడికి చెప్పారు. ఆ తడి గురించి తెలిసినవాడు నోరు విప్పాలి. అది చాడీ కాదు, అమానత్.

నాటవలసిన స్వర్గం

కథ చివర స్పాక్ ఆ యువతితో, ఈడెన్‌ను వెతకడం మానవద్దని, అది దొరకవచ్చని, లేదా మీరే దాన్ని నిర్మించుకోవచ్చని అంటాడు. విచిత్రమేమిటంటే, ఆ కథ ప్రసారమైన 1969లోనే స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ అనంతపురం వచ్చాడు. పచ్చని దేశాన్ని వదిలి ఎండిన నేలను ఎంచుకున్నాడు. ఆయన స్థాపించిన ఆర్.డి.టి. ద్వారా పల్లెల్లో బావులు, బడులు, ఇళ్ళు, ఆసుపత్రులు వచ్చాయి. 2009లో కన్నుమూసేదాకా ఆయన ఇక్కడే ఉన్నాడు. ఆయన మతం వేరు కావచ్చు, కానీ ఆ శ్రమ మనల్ని సిగ్గుపడేలా చేయాలి.

2000 నాటి తెగులుకు రైతులు నేర్చుకున్న ఉపాయాలూ చిన్నవే. గట్టు మీది వయ్యారిభామను పూత రాకముందే పీకేయడం, చేను చుట్టూ జొన్న సాళ్ళు కంచెలా వేయడం. పరలోక స్వర్గం అల్లాహ్ అనుగ్రహం, దాన్ని ఏ ఏజెంటూ అమ్మలేడు. ఈ లోకంలో మన చేతిలో ఉన్నది గట్టు శుభ్రం చేసుకోవడం, పక్కవాడి చేనుకు కూడా ఒక సాలు జొన్న వేయడం. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలోని మొక్కను నాటగలిగితే నాటమన్న బోధ మనది. కరువు నేల మీద ఆ మాటను మించిన ధైర్యం ఏముంటుంది?

మోసాన్ని గుర్తించే చూపును, మోసపోయినవారిని ఆదుకునే మనసును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.