ఊరికే చూసేకి

మా నంబులపూలకుంట వైపు కొండెక్కాలంటే ఒక కారణం ఉండాలి. దేవుడుంటే ఎక్కుతారు. మేకలు తోలుకుని ఎక్కుతారు. సీతాఫలాల కాలంలో గంపలతో, పొయ్యిలోకి పుల్లలు లేనప్పుడు కత్తి, తాడు పట్టుకుని ఎక్కుతారు. పైన నిలబడి కిందికి చూసి రావడానికి పోతానంటే మాత్రం ఇంట్లో ఒప్పుకోరు. "చూసి ఏం జేస్తావు?" అంటారు. ఆ మాటలో ఎగతాళి ఏమీ ఉండదు. తెలుసుకోవాలనే అడుగుతారు. చాలా ఏళ్లు నా దగ్గర దానికి జవాబు లేదు.

చూడదగ్గ ఎత్తులు మాకు కరువేం కాదు. ఒకవైపు హార్స్‌లీ కొండల మీద గాలిబండ ఉంది. ఏనుగు మల్లమ్మ కొండగా జనం పిలుచుకున్న ఆ చోట, చల్లగా ఉందని కడప కలెక్టర్ హార్స్‌లీ పంతొమ్మిదో శతాబ్దంలో ఇల్లు కట్టుకున్నాడు. కొండ పేరు ఆయన పేరైపోయింది. ఇప్పుడు మదనపల్లె నుంచి బస్సే పైదాకా పోతుంది. ఇంకోవైపు జమ్మలమడుగు దగ్గర గండికోట, పెన్నానది కోసిన లోయ అంచు. అక్కడా కోట లోపలిదాకా రోడ్డుంది. ఇక పెనుకొండ. దాన్ని నేను కాళ్లతోనే ఎక్కాను. శత్రువు ఎక్కలేకుండా ఎంచుకున్న కొండ కాబట్టి మనల్నీ సులభంగా ఎక్కనివ్వదు. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఈ కొండే.

ఖర్చు మాట వచ్చింది కాబట్టి ఆ లెక్క సరిగ్గా చెప్పాలి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో చార్జీ లేదు. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టర్ సున్నా రూపాయల టికెట్ చేతిలో పెడతాడు. కదిరిలో దిగి మారితే పెనుకొండ దాకా అలాగే పోవచ్చు. సంచిలో చిత్రాన్నం, బొరుగులు, రెండు సీసాల నీళ్లు. చేతి నుంచి పోయేది టీ డబ్బులే. అయితే మా వూళ్లో ఆడవాళ్లు ఈ లెక్క వేరేగా వేస్తారు. ఆ రోజు కూలి పోతుంది కదా, అది ఖర్చు. చెనక్కాయ పెరికే రోజుల్లో అయితే అది ఇంకా పెద్ద ఖర్చు. మళ్లీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు, ఆవులకు నీళ్లెవరు పెడతారు. బస్సు చార్జీ మాఫీ చేసిన ప్రభుత్వం ఈ రెండో లెక్కను మాఫీ చేయలేదు. పేదవాళ్లకు చూడటం ఖరీదైన పని కావడానికి టికెట్ కంటే ఇదే పెద్ద కారణమని నా నమ్మకం.

నేను పెనుకొండకు పోయిన రోజు, కొండ మొదట్లో మేకలు కాస్తున్న ఒక అవ్వ నన్ను ఆపింది.

"యాడికి పాపా, ఒక్కదానివే పోతాండావు?"

"కొండ మీదికవ్వా."

"మొక్కుబడి ఉందా?"

"లేదవ్వా. ఊరికే చూసేకి."

"చూసేకి ఏముందిమ్మా ఆడ? రాళ్లే గదా. ముండ్లు గీరుకుంటాయి, జాగ్రత్త."

ఆ మాట విన్నాక నాకు పెట్రార్క్ గుర్తొచ్చాడు. ఇటలీ కవి. 1336 ఏప్రిల్‌లో, విజయనగరం పుట్టిందని మనం బడిలో చదువుకున్న ఆ సంవత్సరంలోనే, ఫ్రాన్సులో వాంటూ అనే కొండ ఎక్కాడు. అంత ఎత్తు మీద నుంచి ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక తప్ప వేరే కారణం లేదని ఉత్తరంలో రాసుకున్నాడు. దారిలో ఆయనకూ ఒక ముసలి గొర్రెలకాపరి ఎదురై వద్దన్నాడు. తాను యాభై ఏళ్ల కిందట ఎక్కితే రాళ్లకు, ముళ్లకు ఒళ్లూ బట్టలూ చీరుకుపోవడం తప్ప ఏమీ దక్కలేదని చెప్పాడు. ఏడు వందల ఏళ్ల దూరంలో, రెండు ఖండాల్లో, గొర్రెలు మేకలు మేపే ఇద్దరు ముసలివాళ్లు చెప్పింది ఒకటే మాట. దాన్ని తేలిగ్గా తీసేయలేను. ఆ మాట చెప్పింది కొండ తెలియనివాళ్లు కాదు, రోజూ దాని మీద కాళ్లు అరగదీసుకున్నవాళ్లు.

దారి మొదట బాగానే ఉంటుంది. తర్వాత మెట్లు విరిగిపోయి బండల మధ్య నుంచి పోవాలి. ఒకచోట ఆగి నీళ్లు తాగుతుంటే పక్క బండ మీద వరసగా చిన్న గుంతలు కనబడ్డాయి. రాయిని చీల్చడానికి ఉలితో కొట్టిన గుంతలు. ఒక్కోదానిలో నా బొటనవేలు సగం దాకా దిగింది. అన్నీ ఒకే లోతు, మధ్య ఎడం కూడా ఒకటే. బండ మాత్రం చీలలేదు, వరస పూర్తి కాకుండానే పని ఆగిపోయింది. ఎవరో కూలిమనిషి ఇదే ఎండలో ఆ చివరి గుంత కొట్టి లేచి పోయాడు. రాజుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. ఈయనవి ఈ గుంతలే ఉన్నాయి. నేను అక్కడ చాలాసేపు కూర్చున్నాను.

1565లో రాక్షసి తంగడి యుద్ధంలో ఓడాక తిరుమల రాయలు ఐదు వందల యాభై ఏనుగుల మీద ధనం ఎత్తించుకుని విజయనగరం వదిలాడని చరిత్రకారుడు రాబర్ట్ సీవెల్ తన పుస్తకంలో రాశాడు. వచ్చింది ఈ పెనుకొండకే. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు ఇదే రాజధాని. ఆ రోజుల్లో బురుజు మీద నిలబడి దూరం చూడటం జీతమిచ్చి చేయించిన పని. ఏ దిక్కున దుమ్ము లేస్తుందో ముందు కనిపెట్టినవాడి మీద ఊరి ప్రాణం ఆధారపడేది. చూసి ఏం చేస్తావని కోట కావలివాణ్ణి ఎవరూ అడిగి ఉండరు.

పైన గాలి బాగా కొట్టింది. బోదగడ్డి వాసన, నరసింహస్వామి గుడి, కూలిన గోడలు. కింద చెరువు, గగన్ మహల్, హిందూపురం వైపు పోయే రైలు పట్టాలు, బెంగళూరు రహదారి. ఎర్రమంచి వైపు చూస్తే 2019లో కార్లు తయారుచేయడం మొదలుపెట్టిన కియా ఫ్యాక్టరీ. దాన్ని చూస్తే మా వూరు గుర్తొచ్చింది. మా వూరి దగ్గర సోలార్ పార్కులో 2016 నుంచి కరెంటు తయారవుతోంది. నేల మీద నిలబడితే కంచె, మొదటి వరస పలకలు తప్ప నాకు అందులో ఏమీ కనబడదు. ఎంత భూమి పోయిందో, ఏది ఎక్కడిదాకా ఉందో నడిచేవాడి కంటికి అందదు. ఈ కొండ మీద నుంచి నా జిల్లాను మొదటిసారి ఒక్క చూపులో చూశాను. పొలమెక్కడ ఆగింది, రేకుల కప్పు ఎక్కడ మొదలైంది, నీళ్లెక్కడున్నాయి, ఎక్కడ లేవు అన్నీ తెలిశాయి.

పెట్రార్క్ శిఖరం మీద క్రైస్తవ సాధువు అగస్టీన్ రాసిన పుస్తకం తెరిచాడు. మనుషులు కొండలు చూసి అబ్బురపడతారు, తమ లోపలికి చూసుకోరు అన్న మాట కంటబడి సిగ్గుపడ్డాడట. దిగేటప్పుడు ఎవరితోనూ మాట్లాడలేదట. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ విషయంలో నేను ఒప్పుకోను. ఆయన వెంట పనివాళ్లున్నారు. మా అమ్మ నలభై ఏళ్లు నడుం వంచి కలుపు తీసింది. ఆమె కళ్లు మూరెడు దూరంలో ఉన్న మట్టినే చూశాయి. తన కష్టం గురించి, తన తప్పుల గురించి ఆ సాళ్లలో ఆమె ఆలోచించినంత ఏ జ్ఞానీ ఆలోచించి ఉండడు. ఆమెకు లోచూపు లోటు లేదు. దూరం చూసే అవకాశమే ఆమెకు దొరకలేదు. అలాంటి మనిషికి చూడటం వ్యామోహమని చెప్పడానికి నాకు నోరు రాదు. తిండి, నిద్ర ఎంత అవసరమో తలెత్తి దూరం చూడటమూ అంతే అవసరం. ఒక రోజు కూలి పోయినా సరే, ఆ రోజు వృథా పోయినట్టు కాదు.

దిగి వచ్చాక అవ్వ ఇంకా అక్కడే ఉంది. ఏం చూశావని అడిగింది. చెరువు, రైలు, ఫ్యాక్టరీ అన్నీ చెప్పాను. "నేనూ చిన్నప్పుడు ఎక్కినా. అప్పుడు ఫ్యాక్టరీ లేదు" అంది. ఇంకేం అనలేదు.

చెనక్కాయ పనులు అయిపోయి ఎండ మెత్తబడిన రోజుల్లో మీరు పెనుకొండకు పోదామనుకుంటే, ముందు మీ అమ్మనో అత్తనో అడగండి. రానంటుంది. రెండోసారి అడగండి. ఆ పూట వంట మీరు చేసి క్యారియర్ కట్టండి. పొద్దున్నే బయలుదేరండి, పది దాటితే బండలు కాలుతాయి. నీళ్లు కిందే నింపుకోండి. తాగిన సీసాలు పైన వదలకుండా వెనక్కి తెచ్చుకోండి. మోకాళ్ల నొప్పులుంటే సగం దాకా చాలు, అక్కడి నుంచి కూడా చెరువు మొత్తం కనబడుతుంది.