బ్లూమింగ్టన్ వస్తున్న అమ్మడికి

అమ్మడూ,

అల్లుడుగారికి ఇల్లినాయిస్‌లోని మా బ్లూమింగ్టన్‌లో ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకు నువ్వు మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉండబోతున్నావు. అయితే ఫోన్లో నువ్వు అన్నావు చూడు, "జెర్సీ అద్దెతో పోలిస్తే అక్కడ ఎంతో మిగులుతుంది పెద్దమ్మా, వచ్చిన ఏడాదే పెద్ద ఇల్లు కొనేస్తాం" అని, ఆ ఒక్కమాట గురించే ఈ ఉత్తరం.

చవక ఊరే, కాదనను. కానీ ఆ చవకంతా అద్దెలోనూ ఇంటి ధరలోనూ ఉంది. కొత్త కారుకీ, ఫోను బిల్లుకీ, ఆసుపత్రి బిల్లుకీ, ఇండియా టిక్కెట్టుకీ చిన్న ఊరని ఎవరూ తగ్గించి ఇవ్వరు. ఆ అద్దెలు కూడా నేను వచ్చిన రోజుల్లోలా లేవు. ఆనుకునే ఉన్న నార్మల్ ఊళ్లో 2015లో మూతపడ్డ మిత్సుబిషి కార్ల ఫ్యాక్టరీని 2017లో రివియన్ కంపెనీ కొంది. 2021లో అక్కడ కరెంటు ట్రక్కుల తయారీ మొదలైంది. పనివాళ్లు వేలల్లో వచ్చారు, ఇళ్లు మాత్రం అంత తొందరగా లేవలేదు. అందుకని వచ్చేముందే అపార్టుమెంటు మాట్లాడుకోండి. అల్లుడుగారి ఆఫీసుకు దగ్గర్లో చూస్తే కొన్నాళ్లు ఒక్క కారుతో గడుస్తుంది. రెండో కారంటే వాయిదా ఒక్కటే కాదు. ఇన్సూరెన్సు, ఏటా నంబరుప్లేటు స్టిక్కరుకు 151 డాలర్లు, రోడ్లమీద చల్లే ఉప్పుకు అడుగున పట్టే తుప్పు, గడ్డకట్టే చలికి చచ్చే బ్యాటరీ, అన్నీ కలిపి తడిసి మోపెడవుతుంది.

ఇక ఇల్లు. ఇక్కడ ఆగి నిదానంగా చదువు. మూడు లక్షల డాలర్లకు నాలుగు పడగ్గదులు, బేస్‌మెంటు చూపిస్తే జెర్సీ నుంచి వచ్చినవాళ్లకు కళ్లు చెదురుతాయి. మీకు జెర్సీ పన్నులు అలవాటే, అయినా ఇల్లినాయిస్ ఆస్తిపన్ను కూడా దేశంలో పైవరసలోదే. ఈ కౌంటీలో ఏటా ఇంటి విలువలో రెండు శాతం దాటుతుంది. అంటే ఆ ఇంటికి ఆరేడు వేల డాలర్ల పైమాటే, అప్పంతా తీరిపోయినా సరే కడుతూనే ఉండాలి. అందులో పెద్దభాగం బడులకు పోతుంది. పిల్లలకు మంచి బడులున్నాయి కాబట్టి దానికి నేను గొణగను. నా బెంగల్లా కొత్తగా కట్టిన ఇళ్లతో. ఈ రాష్ట్రంలో పన్ను ఒక ఏడాది వెనక నడుస్తుంది, కిందటేటి పన్ను ఈ ఏడు కడతాం. కొత్త ఇంటికి మొదట వచ్చే బిల్లు చాలాసార్లు ఖాళీ స్థలానికి వేసిందే, లేదా ఇల్లు సగం లేచినప్పుడు లెక్కగట్టింది. బ్యాంకువాళ్లు దాన్నిబట్టే ఎస్క్రో, అంటే పన్ను కోసం వాయిదాతోపాటు నెలనెలా తీసిపెట్టే డబ్బు, లెక్క వేస్తారు. నెలవాయిదా చూసి హాయిగా ఉందనుకుంటారు. మరుసటేడు ఇంటి మొత్తానికీ పన్ను పడుతుంది, ఎస్క్రోలో లోటు తేలుతుంది, పాత లోటూ కొత్త పన్నూ కలిసి వాయిదా ఒక్కసారిగా ఐదారు వందలు పెరిగి కూర్చుంటుంది. మన పిల్లలు ఆ కాగితం పట్టుకుని మా వంటింటి బల్ల దగ్గరికి రావడం చూశాను. బిల్డరు చెప్పే నెలవాయిదా నమ్మకు. అదే వీధిలో మూడు నాలుగేళ్లుగా జనం ఉంటున్న ఇల్లు ఒకటి చూసుకుని, దానికి ఏటేటా ఎంత పన్ను పడిందో కౌంటీ రికార్డుల్లో వెతుకు. కొన్నాక, సొంతింట్లో ఉండేవాళ్లకు పన్ను తగ్గించే హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ అడిగి వేయించుకో.

ఇంకొకటి, చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. స్టేట్ ఫార్మ్ ఇన్సూరెన్సు కంపెనీ 1922లో ఈ ఊళ్లోనే పుట్టింది. ఇప్పటికీ మనవాళ్లలో ఎంతోమంది జీతం నేరుగానో కాంట్రాక్టు మీదనో దాని చుట్టూనే తిరుగుతుంది. జెర్సీలో ఒక ఉద్యోగం పోతే అదే ఇంట్లో ఉంటూ ఇంకోటి చూసుకోవచ్చు. ఇక్కడ పోతే చాలామందికి ఊరే మారాలి. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి అరవై రోజులే గడువు. పక్కనున్న పియోరియాలో కాటర్‌పిల్లర్ కంపెనీ ఎంతకాలం పెద్దదిక్కుగా ఉంది! 2017లో హెడ్డాఫీసు షికాగో వైపు తీసుకెళ్తామంది, 2022లో టెక్సస్ అంది. కంపెనీలకు ఊళ్లమీద మమకారం ఉండదమ్మా. అందుకే అద్దెలో మిగిలింది ఇంటికి పోయకుండా ముందు ఆరునెలల ఖర్చు చేతిలో పెట్టుకోండి. అది ఉంటే అల్లుడుగారు రాత్రి నిద్రపోతారు.

చలికాలం గ్యాసు బిల్లు, ఎండాకాలం కరెంటు బిల్లు రెండూ ఉంటాయి. ఏడాది మొత్తాన్ని సమంగా పంచే బడ్జెట్ బిల్లింగ్ అడిగితే ఇస్తారు. ఫర్నేసు ఫిల్టరు మార్చడం మరిచిపోకు.

షికాగో సంగతి కూడా చెప్పాలి. ఐ-55 ఎక్కితే రెండుంబావు గంటల్లో మన దుకాణాలుండే డెవాన్ వీధి, ఇంకాస్త ముందే అరోరా బాలాజీ గుడి. మొదట్లో ప్రతి శనివారం వెళ్లాలనిపిస్తుంది. వెళ్లండి, కానీ నెలకొకసారి చాలు. పెట్రోలు, హోటల్లో భోజనం, బండినిండా సామాను, ప్రతిసారీ రెండు మూడు వందలు చేతిచమురు వదులుతుంది. ఒంటరితనానికి మందుగా వెళ్తే ఆ ఖర్చుకు అంతుండదు. ఇక్కడా గుడి ఉంది, మనవాళ్లున్నారు. పాత రైలుదారి మీద వేసిన కాన్‌స్టిట్యూషన్ ట్రైల్ మీద పైసా ఖర్చు లేకుండా మైళ్లకొద్దీ నడవచ్చు. ఈ నేల నల్లరేగడిలా ఉంటుంది. మే నెల రెండోవారం దాటి మంచుభయం పోయాక గోంగూర, బచ్చలి నాటితే సెప్టెంబరు దాకా కొనే పనిలేదు. నీకు నారు నేనిస్తాను. నీ అపార్టుమెంటులో చోటు లేకపోతే మా పెరట్లో రెండు మళ్లు నీవే.

అల్లుడుగారి ఆఫర్ లెటరు వచ్చాక హెల్త్ ఇన్సూరెన్సులో డిడక్టిబుల్, అంటే ముందు మన జేబులోంచి కట్టాల్సింది, ఎంతో చూసి చెప్పు. అపార్టుమెంటు లీజు మీద సంతకం పెట్టేముందు కాగితాలు మాకు పంపు. మీ పెదనాన్నకు అలాంటివి వరసవరసా చదివే ఓపిక ఉంది.

మీ పెద్దమ్మ