అరగవలసిన చోటు

ఒకదానిపై ఒకటి జారే రెండు లోహాలలో ఏది అరగాలో యంత్రాన్ని రూపొందించినవాడు ముందే నిర్ణయించి ఉంటాడనీ, మరమ్మతు చేసేవాడు మొదట ఆ నిర్ణయాన్ని చదవగలగాలనీ పాత బ్రిటిష్ మోటారుసైకిళ్ళ ముందు ఫోర్కులను విప్పి చూస్తే తెలుస్తుంది. ముందు చక్రాన్ని ఇరువైపులా పట్టుకుని హ్యాండిల్‌కు కలిపే రెండు కాళ్ళ నిర్మాణమే ఫోర్కు. స్థిరంగా ఉండే గొట్టం మీద మరో గొట్టం పైకీ కిందికీ జారుతూ, స్ప్రింగు బరువును మోస్తూ, సన్నని రంధ్రాల గుండా పారే నూనె ఆ ఊపును అణచే ఏర్పాటును టెలిస్కోపిక్ ఫోర్కు అంటారు. జర్మనీలో బీఎండబ్ల్యూ 1935లో నూనెతో ఊపును అణచే ఫోర్కును అమ్మకపు బళ్ళకు అమర్చింది. ఇంగ్లండులో మ్యాచ్‌లెస్ 1941లో తన సైనిక వాహనానికి ఆ పద్ధతిని తీసుకుంది. రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక ట్రయంఫ్, నార్టన్, బీఎస్ఏ, రాయల్ ఎన్‌ఫీల్డ్ అన్నీ అదే దారి పట్టాయి.

ఈ బళ్ళకు చెన్నైతో ఉన్న సంబంధం దిగుమతితో ఆగిపోలేదు. ఇంగ్లండులోని రెడిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్‌తో కలిసి మద్రాస్ మోటార్స్ 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించింది. త్యాగరాజస్వామి కృతుల ద్వారా తెలుగువారికి ఏనాటి నుంచో పరిచితమైన తిరువొత్తియూరులో కర్మాగారం వెలిసింది. 1957లో విడిభాగాల తయారీకి కావలసిన పనిముట్లు ఇంగ్లండు నుంచి వచ్చాయి. రెడిచ్ కర్మాగారం 1967లో మూతపడింది గాని, బుల్లెట్ తయారీ సముద్రపుటొడ్డున ఉన్న ఈ ఊరిలో కొనసాగి, 1977 నుంచి అవే బళ్ళు ఇంగ్లండుకు ఎగుమతి కాసాగాయి. చెన్నై దగ్గరి షోలవరం విమానాశ్రయపు పాత రన్‌వే మీద పందేలు జరిగిన కాలంలో బ్రిటిష్ బళ్ళను విప్పి బిగించడం నేర్చిన చేతులు నగరంలో ఎన్నో ఉండేవి. ఆ విద్య ఇంకా పూర్తిగా పోలేదు.

ట్రయంఫ్, బీఎస్ఏ ఫోర్కులలో జారే గొట్టానికీ స్థిరంగా ఉండే ఉక్కు గొట్టానికీ నడుమ కంచు బుష్ ఉంటుంది. బుష్ అంటే గొట్టాన్ని చుట్టి పట్టే పలుచని లోహపు తొడుగు. అది ఉక్కుకన్నా మెత్తనిది; తక్కువ ఖర్చుతో చేయగలిగినది; తీసివేసి మరొకటి బిగించడానికి వీలైనది. బండి పరిగెత్తినంతకాలం రాపిడి ఉండక తప్పదు కనుక, ఆ రాపిడి వల్ల కలిగే నష్టం ఖరీదైన గొట్టం మీద గాక ఈ తొడుగు మీద పడేలా లోహాలను ఎంచారు. అరుగుదలను లోపంగా చూడడం వాడుకదారుకు సహజమే గాని, బుష్ విషయంలో అరగడమే దాని ఉద్యోగం; అరగకుండా ఉండిపోయిన బుష్ తన పని చేయలేదనే అనుమానించాలి.

అయితే ఈ ఏర్పాటు ఒక షరతుకు లోబడి ఉంది. జారే గొట్టం పైఅంచున ఉండే ఆయిల్ సీల్, అంటే నూనెను బయటికి పోనీయకుండా, దుమ్మును లోనికి రానీయకుండా గొట్టాన్ని అంటిపెట్టుకుని ఉండే రబ్బరు వలయం, చెక్కుచెదరకుండా ఉన్నంతవరకే బుష్ త్యాగానికి అర్థం ఉంటుంది. బంగాళాఖాతపు ఉప్పుగాలి గొట్టం మీది క్రోమ్ పూతలో సూదిమొనంత గుంటలు చేస్తుంది. ఆ గుంటల అంచులు సీల్ పెదవిని చీలుస్తాయి. అక్టోబరు మొదలు డిసెంబరు దాకా కురిసే ఈశాన్య రుతుపవనపు వానల్లో రోడ్డు మీది సన్నని ఇసుక నీటితో పాటు లోపలికి చేరుతుంది. అక్కడ జరిగేది మొదట విన్నవారికి విపరీతంగా తోస్తుంది: ఇసుక రేణువు మెత్తని కంచులో దిగబడి, మొన బయటికి పెట్టి స్థిరపడుతుంది, ఇక ఆ బుష్ సానరాయిలా మారి, తాను కాపాడవలసిన గట్టి ఉక్కునే కోయడం మొదలుపెడుతుంది. మెత్తనిది అరిగి గట్టిది నిలవాలన్న నిర్ణయం పూర్తిగా తలకిందులవుతుంది. అందుచేత ఫోర్కులో అన్నిటికన్నా చవకైన రబ్బరు వలయాన్నే అన్నిటికన్నా శ్రద్ధగా చూడవలసి ఉంటుంది. పెద్ద ఖర్చులు పెట్టి బండిని మెరిపించేవారిలో చాలామంది నిర్లక్ష్యం చేసేది కూడా దాన్నే.

ఇలా మొదలైన గొట్టపు అరుగుదలకు ఒక స్వభావం ఉంది. బండి మామూలుగా నడిచేటప్పుడు ఫోర్కు తన ప్రయాణపు నడుమ భాగంలోనే ఎక్కువగా ఆడుతుంది కాబట్టి, గొట్టం అక్కడే సన్నబడి, పైకొస వద్దా కిందికొస వద్దా దాదాపు మొదటి కొలతలోనే ఉంటుంది. మైక్రోమీటరుతో పై నుంచి కింది వరకు కొలుస్తూ పోతే, ఆ బండి ఎంత బరువుతో, ఎలాంటి దారుల్లో ఎక్కువకాలం తిరిగిందో అంగుళంలో కొన్ని వెయ్యో వంతుల తేడాలుగా నమోదై కనిపిస్తుంది. కొత్త బుష్‌ను సన్నబడిన నడుముకు సరిపడేలా చేస్తే కొసల వద్ద బిగుసుకుపోతుంది; కొసలకు సరిపడేలా చేస్తే నడుమ వదులవుతుంది. గొట్టాన్ని నిడివంతా సమానంగా గ్రైండింగ్ చేయించి, గట్టి క్రోమ్ పూత మందంగా వేయించి, తిరిగి కొలతకు సానబట్టించడం తప్ప నిజమైన మార్గం మరొకటి లేదు. బలమైన ఉక్కుకు ఆ పూత వేసేటప్పుడు లోహంలో చేరే హైడ్రోజన్ దాన్ని పెళుసుగా మారుస్తుంది గనుక, పూత వేసిన వెంటనే సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని గంటలు ఉంచాలి. కంటికి కనిపించని ఈ దశను వదిలేసినా గొట్టం అంతే అందంగా మెరుస్తుంది. తేడా బయటపడేది బ్రేకు గట్టిగా వేసినప్పుడే.

ఇంత శ్రమకు బదులు చిక్కటి నూనె పోసి వదులును కప్పిపుచ్చే అలవాటు ఒకటి ఉంది. నూనె చిక్కనైతే ఫోర్కు నెమ్మదిగా కదులుతుంది గాని, బుష్‌లోని ఖాళీ అలాగే ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు టక్కుమనే చప్పుడు తగ్గినంత మాత్రాన చక్రం పక్కలకు ఊగడం ఆగదు. ఇది మరమ్మతు కాదు, బండి చెబుతున్నదాన్ని వినిపించకుండా చేయడం. చెన్నై పుదుప్పేటలోని పాత సామాన్ల అంగళ్ళలో మరో బండి గొట్టం కొనడం అంతకన్నా నిజాయితీ గల పనే గాని, అదీ వేరే బండి అరుగుదలను మోసుకొస్తుంది కనుక, వి-బ్లాకుల మీద తిప్పి డయల్ గేజితో వంకరను కొలవకుండా వాడకూడదు.

ఇలా భాగాలన్నీ మార్చాక అది అదే బండా అన్న ప్రశ్నకు తర్కశాస్త్రం కఠినమైన సమాధానం ఇచ్చింది. ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో విడివిడిగా ఉండజాలని జంటలను చెబుతూ అవయవాలనూ, వాటిని ఆశ్రయించి ఉండే అవయవినీ, అంటే భాగాలనూ మొత్తాన్నీ, మొదటి ఉదాహరణగా ఇస్తాడు. ఆ సంప్రదాయం ప్రకారం వస్త్రం నుంచి ఒక్క దారం తొలగినా పాత వస్త్రం నశించి, ఖండపటం అనే మరో వస్త్రం పుడుతుంది. ‘ఇది అదే’ అన్న గుర్తింపు సాదృశ్యం వల్ల కలిగేదే. పాత బళ్ళను ప్రేమించేవారికి ఈ మాట రుచించకపోవచ్చు. అయినా మరమ్మతు చేసేవాడికి ఇంతకన్నా ఉపయోగపడే సిద్ధాంతం లేదు, ఎందుకంటే బుష్ మారిన క్షణం నుంచి తన ముందున్నది కొత్త మొత్తమని ఒప్పుకున్నవాడే దాన్ని ఆసాంతం మళ్ళీ పరీక్షిస్తాడు.

ఆ పరీక్ష బిగింపుతోనే మొదలవుతుంది. ఫోర్కు కాళ్ళను పట్టి ఉంచే బోల్టులను మొదటే బిగించకుండా వదులుగా ఉంచి, చక్రపు ఇరుసును అమర్చి, బండిని ముందుకు అదిమి పలుమార్లు ఊపితే రెండు కాళ్ళూ తమంతట తాము సమాంతరంగా సర్దుకుంటాయి; ఆ తరువాత కింది నుంచి పైకి వరుసగా బిగించాలి. వరుస తప్పితే ఎంత మంచి బుష్ అయినా ఒక పక్కనే రాసుకుంటుంది. హ్యాండిల్ తిరిగే చోట ఉండే కోన్‌సెట్టులో వదులుంటే అదీ ఫోర్కు వదులులాగే తోస్తుంది గనుక, ముందు బ్రేకు పట్టి బండిని ముందుకూ వెనక్కూ ఊపుతూ, రెండు చోట్లా విడివిడిగా వేలు ఆనించి చూడాలి. లేత్ మీద ప్రత్యేకంగా తిప్పించిన బుష్ ఏ కర్మాగారపు పట్టికలోనూ దొరకదు కాబట్టి, దాని లోపలి కొలతా, వెలుపలి కొలతా, గొట్టపు కొత్త వ్యాసమూ, వాడిన లోహమూ కాగితం మీద రాసి బండి పత్రాలతో పాటు ఉంచాలి. తరువాత ఎప్పుడో ఆ ఫోర్కును విప్పబోయే మెకానిక్కు, అరగడానికి పెట్టింది ఏదో, నిలవడానికి పెట్టింది ఏదో ఆ కాగితం చూసే తెలుసుకుంటాడు.